అడగని మాట

కథ ఎడిటింగ్‌కి వచ్చిందంటే నేను ముందుగా పెన్సిల్ ముట్టుకోను. సంభాషణలున్న పేజీలు విడిగా తీసి, తలుపు వేసుకుని, పైకి చదువుతాను. కంటికి ఆనని తప్పులు నాలుకకి తగులుతాయి. ఊపిరి ఎక్కడ చాల్లేదో, ఏ మాట దగ్గర నోరు తడబడిందో అక్కడో చిన్న గీత. మొదటి రోజు పని అంతవరకే.

రెండో చదువు పిలుపుల కోసం. తెలుగులో సగం చుట్టరికం పిలుపులోనే తెలిసిపోతుంది. ఈమధ్య నా దగ్గరికొచ్చిన ఓ కథలో, గోదావరి పల్లె నుంచి హైదరాబాదులో కొడుకింటికి వచ్చిన తండ్రి వారం రోజులుండి తిరిగి వెళ్తున్నాడు. రాతప్రతిలో ఇలా ఉంది:

“నాన్నగారూ, మీరు రేపే వెళ్లిపోతున్నారా? ఇంకో రెండు రోజులు ఉండండి. మీ మనవడు బెంగ పెట్టుకుంటాడు” అన్నాడు కొడుకు బాధగా.

“లేదురా. మన చేలో బోరు వేయించాలి. దానికి ఎనభై వేలు కావాలి. నీకు ఇబ్బందని తెలుసు, అయినా అడగక తప్పడం లేదు” అన్నాడు తండ్రి సంకోచిస్తూ.

వ్యాకరణానికి ఏ లోటూ లేదు. కానీ చేలో తండ్రి వెనకాలే తిరిగి పెరిగిన పిల్లాడు ఆయన్ని ‘మీరు’ అంటాడా? కొన్ని ఇళ్లలో అంటారు. ఈ ఇంట్లో? మార్జిన్‌లో ఆ ప్రశ్న ఒక్కటే రాశాను. రచయిత్రి ‘నాన్నా, నువ్వు’ అని మార్చి పంపారు. దాంతో ఆ ఇద్దరూ ఒకే మంచం మీదకొచ్చి కూర్చున్నట్టయింది.

ఇక అసలు పని, రోజులు పట్టేది. ‘మన చేలో’ అని కొడుక్కి చెప్పాల్సిన పని తండ్రికి లేదు. అది మన కోసం, అంటే చదివేవాళ్ల కోసం పెట్టిన మాట. అలాంటివన్నీ కథనంలోకి పోవాలి. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. వారం రోజులు నోరు మెదపలేకపోయిన మనిషి, చివరి రాత్రి లెక్కతో సహా ఒక్క గుక్కలో అడిగేస్తాడా? మన పెద్దవాళ్లు చెయ్యి చాచాల్సి వస్తే ఊళ్లోవాళ్ల సంగతి ఎత్తుతారు, వానల సంగతి ఎత్తుతారు, చుట్టూ తిరుగుతారు. అందుకే రాసేవాళ్లకి చెబుతుంటాను: మనిషి మనసులో ఉన్నది ముందు ఉన్నదున్నట్టు ఓ కాగితం మీద రాసుకోండి, తర్వాత దాన్ని దాచిపెట్టి ఏం మాట్లాడతాడో ఆలోచించి అది కథలో పెట్టండి.

‘బాధగా’, ‘సంకోచిస్తూ’ లాంటివి తీసేశాక కూడా మాట నిలబడాలి. ‘వాపోయాడు’, ‘ఉద్ఘాటించాడు’ నేను కనబడ్డచోటల్లా కొట్టేస్తాను. ఇద్దరే మాట్లాడుకుంటుంటే ‘అన్నాడు’ కూడా చాలాచోట్ల అక్కర్లేదు. ‘రా’ అన్నది ఎవరో, ‘నాన్నా’ అన్నది ఎవరో మన భాషే చెప్పేస్తుంది.

యాస దిద్దడం ఆఖర్న. గోదావరివాడు కదా అని వాక్యానికో ‘ఆయ్’, అనంతపురం మనిషని మాటకో ‘అప్పా’ తగిలిస్తే మనిషి పోయి వేషం మిగులుతుంది. ఒక్కో పాత్ర క్రియలు ఎలా పలుకుతుందో విడిగా రాసి పెట్టుకుంటే చాలు. ‘ఏయించేడు’ అన్న నోరు పది పేజీల తర్వాత ‘వేయించాడు’ అనకుండా చూసుకోవాలి.

ఈ చెక్కుడు అనవసరమేమో అనిపించిన రోజున గురజాడ గుర్తొస్తారు. ఆయన నాటకం కన్యాశుల్కం 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. ఆయన దాన్ని అక్కడితో వదిలేయలేదు. దాదాపు మళ్లీ రాసి 1909లో రెండో కూర్పు తెచ్చారు. ఇప్పుడు మనం చదువుతున్నది అదే. మధురవాణి అంత మనిషిగా ఎదిగింది ఆ కూర్పులోనే.

కథ కింద ఎడిటర్ పేరు పడదు. పడలేదని నాకెప్పుడూ వెలితి అనిపించలేదు. నాకు దక్కేది వేరే ఉంది. ఈ కథలో తండ్రి బోర్ల ప్రస్తావన తెచ్చాక కొడుకుతో ‘చూద్దాంలే నాన్నా’ అనిపిస్తే బావుంటుందని పెన్సిల్‌తో రాసి పంపాను. రెండ్రోజులకి రచయిత్రి ఫోన్ చేశారు. “అతను చూద్దామని కూడా అనడండీ” అని, తను రాసుకున్నది చదివారు:

“రేపేనా నాన్నా?”

“పొద్దున్నే బండి.”

“ఇంకో రెండ్రోజులుండు. బుజ్జిగాడు బెంగెట్టుకుంటాడు.”

“గట్టు పక్కోళ్లంతా బోర్లు ఏయించేసేర్రా.”

“టికెట్ నేను తీస్తాలే.”

ఇంకోసారి చదవమన్నాను. చదివారు. ఫోన్ పెట్టేశాక నా ‘చూద్దాంలే’ని నా చేత్తోనే రబ్బరు పెట్టి చెరిపేశాను. ఆ రోజంతా ఏ పని చేస్తున్నా ఆ ‘తీస్తాలే’ చెవిలో మోగుతూనే ఉంది.