ప్రశ్నలు - జవాబులు: శ్మశాన వైరాగ్యం ఎందుకు నిలవదు?

ప్రశ్న: పోయిన కార్తీకంలో మా అన్నయ్య గుండెపోటుతో పోయాడు. యాభై రెండేళ్లు. చితి ముందు నిలబడి ఎన్నో అనుకున్నాను. పొలం తగాదాలో మాటలు మానేసిన చెల్లెలితో కలవాలనుకున్నాను, రాత్రి పదింటిదాకా కొట్లోనే ఉండిపోకూడదనుకున్నాను. పెద్దకర్మ అయ్యి నెల తిరక్కుండానే అన్నీ మళ్లీ మామూలే. ఇప్పుడు సంవత్సరీకం దగ్గరపడుతోంది. చావును తలుచుకుంటే బతుకు బాగుపడుతుందని కొందరంటారు. అమ్మేమో ఇంట్లో ఆ మాటలు అశుభం అంటుంది. ఎవరి మాట నిజం? — ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: మీకు జరిగినదానికి మన పెద్దలు ఎప్పుడో పేరు పెట్టారు: శ్మశాన వైరాగ్యం. ప్రసూతి వైరాగ్యం, పురాణ వైరాగ్యాల పక్కన దాన్నీ చేర్చి, మూడూ నిలిచేవి కావన్నారు. ఆ మాటను మనం ఎక్కువగా ఎత్తిపొడుపుకే వాడతాం కాబట్టి, మీ సంకల్పం నీరుగారడం మీ బలహీనత అని మీకు అనిపిస్తూ ఉండవచ్చు. అది బలహీనత కాదు. దుఃఖంలోంచి పుట్టిన నిర్ణయం దుఃఖంతోపాటే చల్లారుతుంది, ఎవరికైనా అంతే. చావును తలుచుకోవడం మేలు చేస్తుందన్నవారి మాటా నిజమే, మీ అమ్మగారి జంకులోనూ కొంత నిజం ఉంది. తేడా అంతా ఎలా తలుచుకుంటున్నామన్న దాంట్లో ఉంది. భయంగా తలుచుకుంటే మనిషి ముడుచుకుపోతాడు. గడువుగా తలుచుకుంటే, ఏది ముఖ్యమో ఏరుకుంటాడు.

ఈ రెండు దారులనూ మన సాహిత్యం ఒకే మనిషిలో చూపించింది. పరీక్షిత్తు మహారాజుకు శాపం తగిలింది, ఏడు రోజుల్లో సర్పరాజు తక్షకుడు కాటేస్తాడని. భారతం ఆదిపర్వంలోని పరీక్షిత్తు ఒంటిస్తంభపు మేడ కట్టించుకుని, చుట్టూ కాపలా పెట్టి, వైద్యులనూ మందులనూ దగ్గరుంచుకుని లోపల కూర్చున్నాడు. పండులో పురుగై వచ్చిన తక్షకుడు అక్కడే కాటేశాడు. పోతన తెలుగు చేసిన భాగవతంలోని పరీక్షిత్తు రాజ్యాన్ని జనమేజయుడికి అప్పగించి గంగ ఒడ్డున కూర్చున్నాడు. చావు తప్పే ఉపాయం అడగలేదు. పోబోయేవాడు చేయవలసిందేమిటని శుక మహర్షిని అడిగాడు. శాపం ఒకటే, గడువు ఒకటే, చివరికి చావూ ఒకటే. ఒకరి ఏడు రోజులు కాపలాకే చెల్లిపోయాయి. రెండో పరీక్షిత్తు ఏడు రోజులనుంచి ఒక మహాగ్రంథమే వచ్చింది. భక్తి సంగతి పక్కన పెట్టి చూసినా, చావుకు భయపడటానికీ గడువును గుర్తించడానికీ మధ్య ఉన్న దూరం ఈ రెండు కథలంత స్పష్టంగా మరెక్కడా కనిపించదని నా అభిప్రాయం.

నేటి మనస్తత్వ శాస్త్రం కూడా ఈ రెండు దారులనూ పరిశీలించింది. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం టూసన్‌లో 22 మంది మునిసిపల్ కోర్టు జడ్జీలతో చేసిన ప్రయోగం ఒకటి 1989లో అచ్చయింది. వ్యభిచారం కేసులో పట్టుబడిన మహిళకు బెయిలు మొత్తం నిర్ణయించమన్నారు. అంతకుముందు కొందరు జడ్జీలను తమ చావు గురించి నాలుగు మాటలు రాయమన్నారు. రాయనివారు సగటున 50 డాలర్లు విధిస్తే, రాసినవారు 455 డాలర్లు విధించారు. చావు గుర్తుకు రాగానే మెత్తబడవలసింది పోయి మరింత కఠినమయ్యారన్నమాట. ఈ కోవలోని మరో ప్రయోగాన్ని ఈమధ్య పలు ప్రయోగశాలలు కలిసి మళ్లీ చేస్తే ఆశించిన ఫలితం రాలేదు. కాబట్టి దీన్ని తిరుగులేని రుజువని చెప్పను. అయినా, ఇంట్లో ఒకరు పోయాక అన్నదమ్ముల మధ్య పంతాలు తగ్గడానికి బదులు పెరగడం మనకు తెలియని సంగతేమీ కాదు.

దీనికి రెండో పక్క, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లారా కార్‌స్టెన్సన్ చేసిన కృషి ఉంది. ముందు చాలా కాలం ఉందనుకున్న మనిషి కొత్త పరిచయాలు, కొత్త సమాచారం వెతుక్కుంటాడని, కాలం కొద్దిదే అని తెలిసినవాడు దగ్గరివాళ్లనూ మనసుకు తృప్తినిచ్చేదాన్నీ ఎంచుకుంటాడని ఆమె సిద్ధాంతం. దీనికి కారణం వయసు కాదు, గడువు. దీనికి ఉదాహరణ హాంకాంగ్. దాన్ని 1997 జూలై 1న బ్రిటన్ చైనాకు అప్పగించింది. అంతకు ఏడాది ముందు అక్కడివారిని ఎవరితో గడపాలనుందని అడిగితే దగ్గరివాళ్లనే కోరుకున్నది ముసలివాళ్లు మాత్రమే. అప్పగింత దగ్గరపడేసరికి కుర్రవాళ్లూ అదే కోరుకున్నారు. ఏదో ముగిసిపోతోందన్న స్పృహ ఒక్కటే వాళ్ల ఎంపికను మార్చింది. ఏడాది గడిచి అంతా సద్దుమణిగాక అడిగితే, కుర్రవాళ్లు మళ్లీ పాత పద్ధతికే వెళ్లిపోయారు. మీకు జరిగింది కూడా ఇదే. గడువు కనబడినన్నాళ్లూ మనిషి సరిగానే ఎంచుకుంటాడు. అది కనుమరుగైతే ఆ ఎంపికా పోతుంది. కాబట్టి దుఃఖాన్ని నిలుపుకోవాలని చూడకండి, అది నిలవదు, నిలవకూడదు కూడా. గడువును కంటి ముందు ఉంచుకునే ఏర్పాటు చేసుకోండి.

అలాగని ప్రతిరోజునూ ఆఖరి రోజనుకుని బతకమనే సలహాను నేను ఒప్పుకోను. వినడానికి బాగుంటుంది గాని, ఆఖరి రోజున ఎవరూ మామిడి మొక్క నాటరు, పిల్లవాడి ఫీజు కోసం డబ్బు దాచరు, బీపీ మాత్ర వేసుకోరు. ఉన్నవి కొద్ది గంటలు కాదు, కొన్నేళ్లు. వాటికి తగిన లెక్క వేసుకోవాలి. తల్లికి డెబ్బై రెండేళ్లనుకోండి, మరో పదేళ్లుంటుందనుకోండి. రెండేళ్లకోసారి అమెరికా నుంచి వచ్చే కొడుకు ఆమెను చూసేది ఐదుసార్లు. ఈ లెక్క ఎవరినీ భయపెట్టదు, కానీ టికెట్ కొనిపిస్తుంది.

అశుభం అన్న మాటకు వస్తే, ఏటా తద్దినం పెట్టే, మహాలయ పక్షంలో పోయినవారందరినీ పేరుపేరునా తలుచుకునే మనం చావు మాట ఎత్తనివాళ్లమేం కాదు. ఎత్తనిది మన చావు మాట ఒక్కటే. అందుకే ఆస్తి ఉన్నవాళ్లు కూడా వీలునామా రాయకుండానే పోతారు. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాసినవారు సంతకం చేసి, ఇద్దరు సాక్షుల చేత సంతకం పెట్టిస్తే చాలు. అయితే మీ అమ్మగారి ముందు మాత్రం ఇవేవీ ఎత్తకండి. కొడుకును పోగొట్టుకున్న తల్లికి ఈ వాదన వినిపించడం న్యాయం కాదు. ఇంకో జాగ్రత్త: చావు తలపు మీరు పిలవకుండానే వచ్చి నిద్ర చెడగొడుతుంటే, బతకాలన్న ఆసక్తినే లాగేస్తుంటే, అది ఈ చర్చకు చెందిన విషయం కాదు. వెంటనే డాక్టరును కలవండి, లేదా ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి.

ఏర్పాటు అన్నాను కదా, దానికి మీకు తేదీ సిద్ధంగానే ఉంది. ఏటా అన్నయ్య తద్దినం నాడు, భోజనాలయ్యాక ఒక గంట కూర్చుని పోయిన ఏడాది దేనికి ఖర్చయిందో, రాబోయే ఏడాదిలో ఎవరి కోసం ఏం చేయాలో కాగితం మీద రాయండి. కొట్టు ఎన్నింటికి కట్టేయాలో ఆ రోజే నిర్ణయించి, మీ భార్యకూ కొట్లో కుర్రాడికీ చెప్పండి. నలుగురికీ తెలిసిన మాట మనసులో అనుకున్నదానికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. చెల్లెలి విషయం మాత్రం అప్పటిదాకా ఆపకండి. పోయిన అన్న ఆమెకూ అన్నే. సంవత్సరీకం పిలుపు ఇంకెవరి చేతా పంపకుండా మీరే వెళ్లి చెప్పండి, ఈ వారంలోనే. పొలం మాట ఆ రోజు ఎత్తవద్దు.