కోపం వేరు, ఫిర్యాదు వేరు

నిరుడు ఉపకార వేతనం దరఖాస్తుకు అది ఆఖరి రోజు. వివరాలన్నీ నింపాను. ఇక ఫోనుకు వచ్చే ఓటీపీ అంకెలు కొడితే పని పూర్తి. ఆ అంకెలు రాలేదు. అప్పటికి మూడు రోజులుగా నా సిమ్ పనిచెయ్యడం లేదు. స్నేహితుని ఫోను తీసుకొని కస్టమర్ కేర్‌కు చేస్తూనే ఉన్నాను. వాళ్ళు ఒకటి నొక్కమంటే ఒకటి, తొమ్మిది నొక్కమంటే తొమ్మిది నొక్కాను. మధ్యలో వినిపించే పాట కంఠతా వచ్చేసింది. చివరకు పలికిన అమ్మాయి మీద నోటికొచ్చినట్లు కేకలు వేశాను. ఆమె "క్షమించండి సార్" అంది. గడువు దాటిపోయింది. ఆ ఏడాది మెస్ బకాయి మా నాన్న వడ్డీకి తెచ్చి కట్టాడు.

తర్వాత కంపెనీ దుకాణానికి వెళ్ళి నిలదీస్తే వాళ్ళడిగింది ఒకటే: "మీ ఫిర్యాదు నంబరేదీ?" నా దగ్గర లేదు. మూడు రోజులు అరిచానే గాని, ఫిర్యాదు నమోదు చేయించలేదన్న మాట! ఆ దెబ్బతో లైబ్రరీలో కూర్చుని ఈ సంగతులు చదివాను. తెలుసుకున్నది నలుగురికీ పనికొస్తుందని ఈ వ్యాసం.

ముందు సిగ్నల్ సంగతి. ఊరిని తేనెపట్టు గదుల్లా చిన్న చిన్న భాగాలు చేసి, ఒక్కో భాగానికి రేడియో తరంగాలు అందిస్తారు. ఆ భాగమే 'సెల్'. ఒక సెల్‌కు ఉన్న సామర్థ్యాన్ని అందులో ఉన్నవాళ్ళంతా పంచుకోవాలి. రాత్రి భోజనాలయ్యాక హాస్టలంతా ఒక్కసారి ఫోన్లు పడితే వేగం పడిపోయేది అందుకే. బస్సులో వెళ్తున్నప్పుడు ఒక సెల్ నుంచి మరో సెల్‌కు కాల్ సరిగా చేతులు మారకపోతే తెగిపోతుంది. కాబట్టి లోపం టవర్‌దా, సిమ్‌దా, మన గది గోడలదా అన్నది ముందు తేల్చుకోవాలి. పక్కవాడి ఫోన్లో మన సిమ్ వేసి చూస్తే సగం తేలుతుంది.

ఇక చట్టం సంగతి. మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ సంభాషణ 1995 జూలై 31న జరిగింది. 1997లో ట్రాయ్ అనే నియంత్రణ సంస్థ ఏర్పడింది. కాల్ తెగితే రూపాయి, రోజుకు మూడు రూపాయలు మించకుండా వినియోగదారునికి ఇవ్వాలని ఆ సంస్థ 2015లో నిబంధన చేస్తే, 2016 మేలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. ఇంకొక సంగతి: ట్రాయ్ ఒక్కొక్కరి తగాదా విని తీర్పు చెప్పదు. మరి మనకు దారేది?

దారి మెట్లుమెట్లుగా ఉంది. 2012 నాటి నిబంధనల ప్రకారం, ఫిర్యాదు కేంద్రం మన ఫిర్యాదుకు ఒక నంబరు ఇచ్చి తీరాలి. అది ఇచ్చేదాకా ఫోను పెట్టెయ్యకండి. తేదీ, వేళ కాగితం మీద రాసుకోండి. పని జరగకపోయినా, జరగకుండానే "పరిష్కరించాం" అని మెసేజి వచ్చినా, 30 రోజుల్లోగా అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయవచ్చు. రుసుము లేదు. 39 రోజుల్లో ఆయన తేల్చాలి.

అక్కడా న్యాయం జరగకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. 2009లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ఈ తలుపు మూసింది. 2022 ఫిబ్రవరిలో అదే కోర్టు మళ్ళీ తెరిచింది. నెలకు సగటున 555 రూపాయల బిల్లు వచ్చే ఒకాయనకు ఒక్కసారి 24 వేలు దాటి బిల్లు వేస్తే, ఆయన పట్టు విడవకుండా పోరాడిన కేసు అది. ఆయన ఓపిక వల్ల మనందరికీ దారి ఏర్పడింది. మనబోటి చిన్న మొత్తాలకు కమిషన్‌లో ఫీజు లేదు, వకీలు ఉండి తీరాలనీ లేదు.

విసిగిపోతే నంబరు మారకుండానే కంపెనీ మారవచ్చు. ఈ సదుపాయం 2011 జనవరి నుంచి దేశమంతటా ఉంది. అయితే అందుకు 1900కు మెసేజి పంపాల్సింది ఆ సిమ్ నుంచే. సిమ్ పూర్తిగా చచ్చాక మేలుకొంటే నాలాగే అవుతుంది!

ఈ మధ్య నేను రీచార్జి చేసిన 299 రూపాయలు పోయాయి, ప్యాక్ రాలేదు. ఈసారి గొంతు పెంచలేదు. నంబరు తీసుకున్నాను, అప్పీలు రాశాను, డబ్బు తిరిగొచ్చింది. ఆ రోజు నేను తిట్టిన అమ్మాయి కూడా మనలాగే డిగ్రీ చదివి, నెల జీతానికి తిట్లు తింటున్న మనిషే. టవరు ఆమె చేతిలో లేదు. నంబరు ఇవ్వడం మాత్రం ఆమె చేతిలో ఉంది. అది నేను అడగలేదు.

మిత్రులారా, కోపం ఆ పూటకు చల్లారిపోతుంది. రాసి పెట్టిన ఫిర్యాదు మాత్రం జవాబు వచ్చేదాకా నిలిచి ఉంటుంది.