జెట్ యంత్రముల గర్జన

ఇంగ్లండు దేశమున రగ్బీ అను పట్టణము కలదు. ఆవిరి టర్బైనులను నిర్మించు పెద్ద కర్మాగారమొకటి పూర్వమచట నుండెను. 1937వ సంవత్సరము ఏప్రిలు 12వ తేదీన ఆ కర్మాగారములో ఒక మూల కొందఱు ఇంజనీర్లును పనివారును ఒక వింత యంత్రముచుట్టు నిలిచియుండిరి. అది విమానమును నడుపుటకై నిర్మింపబడిన యంత్రము. కాని దానికి గాలిని కోయు ముందుఱెక్కలు లేవు. మోటారుబండి యంత్రములలో ముందువెనుకల కాడు పిస్టనులును లేవు. దానిని కల్పించినవాడు ఫ్రాంక్ విటిల్ అను వైమానికదళోద్యోగి. అప్పటికతని వయస్సు ఇరువదితొమ్మిదేండ్లు.

ఏడేండ్లకు పూర్వమే, 1930లో, అతడు తన యూహకు పేటెంటు హక్కును కోరియుండెను. ప్రభుత్వమువారు ఆ యూహ ఆచరణకు రాదని త్రోసిపుచ్చిరి. 1935లో ఆ హక్కును నిలుపుకొనుటకు 5 పౌనుల రుసుము చెల్లింపవలసివచ్చెను. కుటుంబభారమును మోయుచున్న విటిల్ చేత ఆ సొమ్ము లేకపోయెను, ప్రభుత్వమును చెల్లింపలేదు, హక్కు చేజాఱెను. పిమ్మట మిత్రులు కొందఱు పూనుకొని 1936లో ఒక చిన్న సంస్థను నెలకొల్పి కొంత ధనము సమకూర్చిరి. ఆ ధనము యంత్రభాగములను వేర్వేఱుగా పరీక్షించుటకు చాలదు. అందుచే యంత్రమునంతటిని ఒక్కసారిగా కూర్చి నడిపి చూచుటకే విటిల్ నిశ్చయించెను.

విద్యుత్తుతో నడచు మోటారు సాయమున యంత్రమును త్రిప్పిరి. విటిల్ చమురు వదలెను. నిప్పంటుకొనెను. అంతలో సైరను కూతవంటి ధ్వని బయలుదేఱి క్షణక్షణమునకు హెచ్చసాగెను. విటిల్ చమురు మరను బిగించెను. యంత్రము తగ్గలేదు సరికదా, మఱింత వేగముగా తిరుగుచు చెవులు చిల్లులుపడునట్లు అఱవసాగెను. మండుగది రేకు అక్కడక్కడ కాలి ఎఱ్ఱబడెను. చుట్టునున్నవారు పరుగు లంకించుకొనిరి. కొందఱు ప్రక్కనున్న ఆవిరి టర్బైనుల పెద్ద కవచములలో దూరి తలదాచుకొనిరి. విటిల్ మాత్రము మరయొద్దనే నిలిచిపోయెను. అది ధైర్యము కాదనియు, భయముచే కాలు కదలకపోవుటయే యనియు తరువాత అతడే చెప్పుకొనెను.

కొంతసేపటికి యంత్రము తనంతట నెమ్మదించెను. తరువాతి ప్రయత్నములోను ఇట్లే జరిగెను. కారణమును వెదకగా, ముందుగా కారిన చమురు మండుగది అడుగున మడుగు కట్టియుండెననియు, మర మూసిన పిమ్మటను యంత్రము ఆ మడుగును త్రావుచుండెననియు తెలిసెను. కారిన చమురు బయటికి పోవుటకు దారి చేయగా ఆ బెడద తీరెను. ఆకాశమున నిట్టిది జరిగినచో కారణము చెప్పుటకు యంత్రమును మిగులదు, నడపువాడును మిగులడు. నేలపై జరిగినది గనుక కొన్ని దినములలో మందు దొరకినది.

అదేకాలమున జర్మనీలో హాన్స్ ఫాన్ ఒహైన్ అను యువకుడు స్వతంత్రముగా నిట్టి యంత్రమునే నిర్మించుచుండెను. అతని యంత్రముతో విమానము 1939 ఆగస్టు 27న ఎగిరెను. విటిల్ యంత్రముతో 1941 మే 15న ఎగిరెను. వీరిలో గొప్పవాడెవ్వడను తగవు నేటికిని తెగలేదు. తెగకున్నను నష్టము లేదు.

జెట్ యంత్రము పనిచేయు విధమును చెప్పుట సులభము, చేసి చూపుటయే కష్టము. దీపావళినాడు తారాజువ్వ నిప్పులను క్రిందికి చిమ్ముచు తాను పైకి పోవుటను మీరు చూచియుందురు. చర్యకు సమానమైన ప్రతిచర్య ఎదురుదిక్కున నుండునని న్యూటను చెప్పిన సూత్రమే దానికి మూలము. జెట్ యంత్రమును అట్టిదే. అయితే తారాజువ్వ తనకు కావలసినదంతయు పొట్టలో పెట్టుకొని పోవును; జెట్ యంత్రము గాలిని దారిలో సంపాదించుకొనును. ముందు వైపున గాలిని పీల్చి, వరుసలు వరుసలుగానున్న ఱెక్కలచే దానిని అదిమి, మండుగదిలోనికి త్రోయును. అచట చమురు మండి గాలి వ్యాకోచించును. వేడిగాలి బయటికి పోవుచు టర్బైను చక్రమును త్రిప్పును. ఆ చక్రమే ముందున్న ఱెక్కలను త్రిప్పి మరల గాలిని పీల్పించును. కమ్మరి కొలిమిలో తిత్తి వేఱు, నిప్పు వేఱు, తిత్తి నూదు మనిషి వేఱు. ఇచ్చట నిప్పే తిత్తిని ఊదుకొనుచున్నది.

1941లో విటిల్ విమానమును నడపిన యంత్రపు త్రోపు సుమారు 390 కిలోగ్రాముల బరువునకు సమానము. 2017 నవంబరులో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున పీబుల్స్ అను పల్లె సమీపమునగల పరీక్షాస్థలమున జీఈ9ఎక్స్ అను యంత్రమును నడపగా అది 1,34,300 పౌనుల త్రోపు చూపెను. అనగా దాదాపు 61 టన్నులు. పండ్రెండు ఏనుగులను త్రాసులో నొక వైపున నిలిపినచో తూగునంత బలము. దాని ముందుచక్రపు వ్యాసము 3.4 మీటర్లు. ఇట్టి పెద్ద యంత్రములు పూర్తివేగమున నున్నప్పుడు సెకనునకు టన్నునకు మించిన గాలిని పీల్చును. పాతికయడుగుల పొడవును, ఇరువదడుగుల వెడల్పును, పండ్రెండడుగుల ఎత్తును గల తరగతిగదులు అయిదింటిలోని గాలి యంతయు, ఒకటి యని లెక్కించునంతలో నోటబడినట్లని యూహింపుడు. యంత్రము నడచునపుడు దాని మూతిదరికి మనుష్యులను పోనీయకపోవుటకు ఇదియే కారణము. చిన్న మేకు పడినను ఱెక్కలకు చేటే గనుక, నేలపై ఏదియు లేకుండ ఊడ్చి చూచిన పిమ్మటనే యంత్రమును కదలింతురు.

ఇంత బలమును కదలకుండ పట్టియుంచుట మొదటి పని. యంత్రమును బలమైన ఉక్కు చట్రమునకు వ్రేలాడదీసి, అది ముందునకు లాగు బలమును కొలుచు సాధనములను నడుమ బిగింతురు. పరీక్షాశాల గోడలు దట్టమైన కాంక్రీటుతో కట్టబడును. ఇంగ్లండులో డెర్బీ పట్టణమున రోల్స్‌రాయిస్ సంస్థ 2021లో ప్రారంభించిన శాల కాలిబంతి మైదానముకంటె పెద్దది; గోడల మందము మీటరున్నరకు మించియుండును. గాలి లోనికి వచ్చు దారిలోను, పొగ వెలుపలికి పోవు దారిలోను ధ్వనిని మ్రింగు పలకలను నిలుపుదురు. ఇంజనీర్లు వేఱొక గదిలో కూర్చుండి వేలకొలది కొలతలను చూచుచుందురు. ధ్వనినే పరీక్షింపవలసినపుడు మాత్రము గోడలు పనికిరావు. గోడలకు తగిలిన ప్రతిధ్వని కొలతను చెఱచును. అందుచే పీబుల్స్‌వంటి చోట్ల యంత్రమును ఆరుబయట నెత్తుగా నిలిపి, గాలివాటు తగులకుండ మూతికి జల్లెడవంటి పెద్ద గోళమును తొడిగి, చుట్టును దూరదూరముగా మైక్రోఫోనులను అమర్తురు.

మనదేశమున బెంగళూరులోని గ్యాస్ టర్బైను పరిశోధనసంస్థ కావేరి యను యుద్ధవిమాన యంత్రమును నిర్మించి 1996లో మొదటిసారి నడిపెను. 2010లో దానిని రష్యాకు గొనిపోయి పెద్ద విమానమునకు తగిలించి ఆకాశమునను పరీక్షించిరి. తేజస్ విమానమునకు కావలసిన త్రోపు దానివలన రాలేదు. ఆ సంగతిని దాచకుండ పలికినవియు పరీక్షాశాలలోని ముండ్లే.

ఇక ధ్వనినిగూర్చి. దగ్గఱనుండి వినువారికి జెట్ యంత్రపు ధ్వని యొకటిగా తోచును. నిజమునకవి రెండు మూడు ధ్వనులు. ముందు వినబడునది ముందుచక్రపు కూత. జీఈ9ఎక్స్ ముందుచక్రమునకు ఱెక్కలు 16. చక్రము సెకనునకు 40 పర్యాయములు తిరిగినదనుకొనుడు. అపుడు సెకనునకు 640 ఱెక్కలు ఒకేచోటు దాటును. 640 కంపనములుగల శ్రుతి పుట్టును. చక్రపు వ్యాసమును బట్టి ఱెక్కకొన వేగమును మీరే లెక్కకట్టవచ్చును. అది సెకనునకు 400 మీటర్లు మించును. అనగా ధ్వనికంటె వేగము. అప్పుడు కూతతోపాటు ఱంపపు మిల్లులో దూలము కోయునట్టి గరగరయు చేరును. వెనుకనుండి వచ్చునది వేఱు. వేగముగా వెడలు వేడిగాలి బయటి నిశ్చలమైన గాలితో ఒరసికొని సుడులు సుడులై విఱుగుటవలన పుట్టు గర్జన యది. దానికి శ్రుతి లేదు. ఉరుమువలె అన్ని స్వరములును కలగాపులగముగా నుండును.

ఆశ్చర్యకరమైన విషయ మొకటి కలదు. భూమి కంపించునట్లు మ్రోగు ఈ ధ్వనిలో వ్యయమగు శక్తి, వెడలుగాలిలోని శక్తిలో నూటికి ఒక పాలునైనను మించదు. కుండనిండ నీరుండగా అంచున తొణికిన చుక్కవంటిది. కాని మానవుని చెవి మిక్కిలి సున్నితమైనది. ఆ చుక్కయే దానికి సముద్రము. ధ్వనిని డెసిబెలులలో కొలుతురు. ఈ కొలతలో 10 హెచ్చినచో ధ్వనితీవ్రత పదిరెట్లు హెచ్చినట్లు. 20 హెచ్చినచో నూఱురెట్లు. దినమునకెనిమిది గంటలు 85 డెసిబెలులకు మించిన ధ్వని విన్నవారికి కాలక్రమమున చెవుడు రాగలదు. పాతకాలపు జెట్ యంత్రముల చెంత 140 వఱకు ఉండెడిది. లోచెవిలోని సన్నని రోమకణములు ఒకసారి చచ్చినచో మనుష్యులలో తిరిగి మొలవవు. కావున అచట పనిచేయువారు చెవికప్పులు ధరించి చేసైగలతో మాటలాడుకొందురు.

ఎక్కువ బలముగల యంత్రము ఎక్కువగా అఱచుననుట లోకులభావన. ఇది తప్పని 1952లో జేమ్స్ లైట్‌హిల్ అను ఆంగ్ల గణితశాస్త్రజ్ఞుడు కాగితముపైననే నిరూపించెను. వెడలుగాలి చేయు ధ్వని, ఆ గాలివేగముయొక్క ఎనిమిదవ ఘాతమును బట్టి మాఱునని అతని సూత్రము. వేగము సగమైనచో ధ్వని సగము కాదు. 256వ వంతు అగును. అయితే వేగము తగ్గిన త్రోపును తగ్గును గదా? దానికి ఉపాయము, గాలి వెడలు ద్వారమును పెద్దది చేయుట. సగము వేగముతో అదే త్రోపు కావలెనన్న ద్వారము నాలుగురెట్లు కావలెను. అప్పుడు ధ్వనియు నాలుగురెట్లు పెరుగును. 256ను నాలుగుచే భాగించిన 64. త్రోపు తగ్గకయే ధ్వని అఱువదినాలుగవ వంతునకు దిగినది! నేటి పెద్ద యంత్రముల ముందుచక్రములు అంత విశాలముగా నుండుటలోని రహస్యములలో ఇదియొకటి. జీఈ9ఎక్స్‌లో గాలి పదివంతులు మండుగదిని చేరకయే ప్రక్కగా మెల్లగా సాగిపోవును. ఒక వంతు మాత్రమే లోపలికి పోవును. ఇందువలన చమురును ఆదా యగుచున్నది. కవచపు లోపలితట్టున తేనెపట్టువంటి అరలును, సన్నని రంధ్రములును అమర్చి ముందుచక్రపు కూతను గూడ చాలవఱకు మ్రింగించుచున్నారు.

ఇంతవఱకు చెప్పినవి యంత్రము బాగుగా నడచునప్పటి పరీక్షలు. కావలెనని దానిని హింసించు పరీక్షలు వేఱుగా నున్నవి. నిర్ణీతమైన వేగములలో 150 గంటలు నడుపుదురు. కుంభవృష్టివలె నీరు పోయుదురు, మంచుగడ్డలు విసరుదురు. చచ్చిన పక్షులను ఫిరంగివంటి గొట్టమునుండి ముందుచక్రము మీదికి పేల్తురు. ఈ చివరి పరీక్షలోనే 1970లో రోల్స్‌రాయిస్‌వారి ఆర్‌బీ211 యంత్రమునకు పరాభవము కలిగెను. తేలికయని వారు ముచ్చటపడి చేయించిన కార్బను నారఱెక్కలు కోడి తాకుడునకు ముక్కలయ్యెను. వాని స్థానమున టైటానియము లోహపు ఱెక్కలు పెట్టవలసివచ్చెను. వ్యయము మితిమీఱి, 1971 ఫిబ్రవరి 4న అంతటి సంస్థయు దివాలా తీసెను. కోడి యొక్కతెయే కారణమనుట అతిశయోక్తి. లెక్కలలో ముందునుండియే పొరపాటులుండెను. ఐనను ఆ ఱెక్కలు ప్రయాణికులతో సముద్రము దాటుచుండగా పగులుటకంటె సంస్థ దివాలా తీయుటయే మేలుగదా. ప్రభుత్వము దానిని ఆదుకొనగా, మార్చిన ఱెక్కలతో ఆ యంత్రము 1972లో ప్రయాణికుల సేవకు వచ్చెను.

అన్నిటికంటె ఘోరమైనది ఱెక్క త్రుంపు పరీక్ష. తిరుగుచున్నప్పుడు ఒక్కొక్క పెద్ద ఱెక్క నూఱు టన్నులకు సమీపమైన బలముతో బయటికి లాగుచుండును. యంత్రము పూర్తివేగమున నుండగా ఒక ఱెక్క మొదట అమర్చిన మందుగుండును పేల్చి దానిని త్రుంపుదురు. త్రెగిన ఱెక్క కవచమును చీల్చి బయటికి రాగూడదు. మంట అదుపు తప్పగూడదు. కోట్ల విలువగల యంత్రము కన్నుమూసి తెఱచునంతలో చెత్తకుప్ప యగును. తూచి చూచినచో ఇది దుబారా కాదు.

నేలపై నింత జేసినను ఆకాశమున కొన్ని తప్పించుకొనుచునే యున్నవి. 2018 ఏప్రిలు 17న అమెరికాలో ఒక ప్రయాణికవిమానపు యంత్రమున ముందుచక్రపు ఱెక్క యొకటి లోహపు అలసటచే పగిలెను. ఊడిన రేకుముక్క కిటికీని బ్రద్దలు కొట్టగా ఒక ప్రయాణికురాలు మరణించెను. ఆ పగులు ఱెక్క మొదట లోపల మెల్లమెల్లగా పెరిగినది. పైకి కంటికి కనబడునది కాదు. మూడు దినములలో అచటి విమానయానాధికారులు అట్టి యంత్రములను అతిధ్వనులతో పరీక్షింపవలెనని ఆజ్ఞాపించిరి. అతిధ్వనులనగా మన చెవికి వినరాని మిక్కిలి సన్ననైన ధ్వనులు. యంత్రమును ఆపి, చిన్న సాధనము నొకదానిని ఱెక్కకు ఆనించి, ఆ ధ్వనిని లోహములోనికి పంపుదురు. లోహము నిండుగా నున్నచోట అది ఆవలి అంచువఱకు పోయి తిరిగి వచ్చును. నడుమ వెండ్రుకవాసి పగులున్నచో అచటనే తగిలి ముందుగా మరలి వచ్చును. అరువది టన్నుల త్రోపు నిచ్చు యంత్రములయొద్దను, అది నిద్రించుచుండగా, ఈ నిశ్శబ్దపు ధ్వనితో ఱెక్క వెంట ఱెక్కను తట్టి చూచు పనివాని చేతిలోనిది అరచేతిలో నిముడునంతటి పరికరము.