బండి మారింది, చేతులు మారాలి

మన పార్కింగ్‌లో క్రూజర్ బళ్ళు పెరుగుతున్నాయి. సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్ అవెంజర్ 220 కొని, ఉద్యోగం వచ్చాక మీటియర్ 350కి మారేవాళ్ళూ ఉన్నారు. "రెండూ క్రూజర్లే కదా, అలవాటేగా" అనుకుని, బండి తెచ్చిన వారానికే అరకు ఘాట్‌కి ప్లాన్ వేస్తారు. అలవాటైంది పాత బండి మాత్రమే. ఫస్టియర్ ఫిజిక్స్‌తో ఆ తేడా ఏంటో చూద్దాం.

ముందు స్పెసిఫికేషన్లు. అవెంజర్ బరువు సుమారు 163 కిలోలు, వీల్‌బేస్ 1490 మిల్లీమీటర్లు, ముందు చక్రం 17 అంగుళాలు. మీటియర్ బరువు 191 కిలోలు, వీల్‌బేస్ 1400, ముందు చక్రం 19 అంగుళాలు.

నెమ్మదిగా తిరిగేటప్పుడు మలుపు వ్యాసార్థం దాదాపు వీల్‌బేస్‌కి అనుపాతంలో ఉంటుంది. అంటే హ్యాండిల్ అంతే తిప్పినా మీటియర్ సుమారు 6 శాతం ఇరుగ్గా తిరుగుతుంది. యూ-టర్న్‌లో పాత లెక్కతో తిప్పితే బండి ఊహించిన దానికంటే లోపలికి వస్తుంది. కంగారులో కాలు కింద పెడతాం. అప్పుడు ఆ కాలి మీద పడే బరువు మాత్రం 28 కిలోలు ఎక్కువ ఉన్న బండిది.

వేగంగా వెళ్ళేటప్పుడు కథ వేరు. అక్కడ బండి వంగితేనే తిరుగుతుంది. వంపు కోణం టాంజెంట్ విలువ, వేగం వర్గాన్ని వ్యాసార్థం, గురుత్వ త్వరణాల లబ్ధంతో భాగిస్తే వస్తుంది. ఇందులో ద్రవ్యరాశి లేదు చూడండి! 20 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో గంటకు 36 కిలోమీటర్ల వేగానికి ఏ బండైనా సుమారు 27 డిగ్రీలు వంగాలి. వేగం 45 అయితే 39 డిగ్రీలు కావాలి. చాలా క్రూజర్లకు ఆ లోపే ఫుట్‌రెస్ట్ రోడ్డుకి రాసుకుంటుంది. పెరిగింది 9 కిలోమీటర్లే, కానీ ఘాట్‌లో ఆ తొమ్మిదే మనల్ని అవతలి లేన్‌లోకి తోసేస్తుంది.

కావాల్సిన కోణం ఒకటే అయినా, అక్కడిదాకా వంచడానికి హ్యాండిల్‌ని ఎంత నొక్కాలన్నది బండిని బట్టి మారుతుంది. బరువు, చక్రం సైజు, హ్యాండిల్ వెడల్పు, ముందు ఫోర్క్ వాలు అన్నీ కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. ఎడమకి తిరగాలంటే ఎడమ హ్యాండిల్‌ని ముందుకి నొక్కుతాం. ఈ కౌంటర్ స్టీరింగ్ మనకి తెలియకుండానే చేస్తుంటాం. తెలియకుండా చేసే పని కాబట్టే పాత మోతాదు కొత్త బండి మీద కూడా వాడేస్తాం.

బ్రేకులదీ అదే గొడవ. అవెంజర్‌కి వెనక డ్రమ్, మీటియర్‌కి డిస్క్. పైగా మీటియర్‌కి రెండు చక్రాలకీ ఏబీఎస్ ఉంది. మీటియర్ నుంచి అవెంజర్‌కి మారినవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వెనక చక్రానికి ఏబీఎస్ లేదు కాబట్టి గట్టిగా తొక్కితే అది లాకై జారుతుంది.

మరి ఏం చేయాలి? హెల్మెట్ పెట్టుకుని, ఓ ఆదివారం పొద్దున్నే ఖాళీ గ్రౌండ్‌కి వెళ్ళండి.

ఒకటి: సగం క్లచ్ మీద, వెనక బ్రేక్ కొద్దిగా తొక్కి ఉంచి, రెండు వైపులా ఎనిమిది అంకె వేయండి. చూపు ముందు చక్రం మీద కాదు, వెళ్ళాల్సిన చోట ఉండాలి.

రెండు: 20 వేగంతో మొదలుపెట్టి 30, 40 దాకా, రెండు బ్రేకులూ కలిపి క్రమంగా బిగిస్తూ ఆపండి. ఎక్కడ ఆగుతోందో గుర్తు పెట్టుకోండి.

మూడు: 30 వేగంలో హ్యాండిల్‌ని మెల్లగా నొక్కి, బండి ఎంత త్వరగా వంగుతుందో గమనించండి.

ఇవన్నీ వెనక ఒకరిని కూర్చోబెట్టుకుని మళ్ళీ చేయండి. వెనక మనిషి ఎక్కితే అది ఇంకో కొత్త బండే.

కొత్త చెప్పులు నాలుగు రోజులు కరుస్తాయి, తర్వాత పాదానికి సర్దుకుంటాయి. బండి మనకోసం సర్దుకోదు, మనమే సర్దుకోవాలి. ఘాట్ ఎక్కడికీ పోదు, నెల తర్వాత వెళ్ళినా అక్కడే ఉంటుంది.