నిలువు ప్యానెల్ సా: మొదటి షీటు కోద్దాం రండి

మన కోలారు తమక ఇండస్ట్రియల్ ఏరియాలోనైనా, కేజీఎఫ్ సందుల్లోనైనా చిన్న ఫర్నిచర్ షాపుకు జాగాయే కరువు. ప్లైవుడ్ షీటేమో 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. అందుకే నిలువు ప్యానెల్ సా. ఇందులో షీటు కాస్త వాలుగా నిలబడుతుంది, రంపం దానిమీద పైకీ కిందికీ నడుస్తుంది. పని సుళువే. ఆ సుళువు చూసే కొత్తవాళ్లు చేతులు ఎక్కడపడితే అక్కడ పెడతారు.

కావలసినవి

కళ్లద్దాలు, చెవులకు మఫ్, మాస్కు, బూట్లు. టేపు, పెన్సిలు, మూలమట్టం, రెండు సన్నని చెక్క చీలికలు. గ్లవుజులు షీటు ఎత్తేటప్పుడే. బ్లేడు తిరిగేటప్పుడు వద్దు. మెడలో తువ్వాలు, మణికట్టుకు కట్టిన దారం తీసేద్దాం.

నిలువు కోత

1. ముందు ప్లగ్గు పీకుదాం. బ్లేడు పళ్లు, గార్డు చూద్దాం. రంపాన్ని సగం ఎత్తులో వదిలి చూద్దాం. దానంతటది కిందికి జారితే బాగుచేయించేదాకా కోత లేదు.

2. బ్లేడు లోతు షీటు మందానికి పైన 3 మి.మీ. మించకూడదు. 18 మి.మీ. ప్లైకి 21 చాలు.

3. గీత గీసేటప్పుడు బ్లేడు తినేసే మందం లెక్కేద్దాం. అది సుమారు 3 మి.మీ., మన వడ్రంగుల లెక్కలో ఒక నూలు. 2440 మి.మీ. షీటును నాలుగు ముక్కలు చేయాలంటే మూడు కోతలు, పొట్టులో పోయేది 9 మి.మీ. ఒక్కో ముక్క 610 రాదు, 607.75 వస్తుంది. అల్మారా తలుపు చాలకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

4. ఇద్దరం కలిసి షీటును రోలర్లమీద నిలబెడదాం. పైకి కనబడాల్సిన ముఖం ఫ్రేము వైపు ఉండాలి. పళ్లు మన వైపుకి బయటికొస్తాయి కాబట్టి పెచ్చులు లేచేది ఇటే.

5. ఇప్పుడు ప్లగ్గు పెడదాం. కోత గీతకు ఎదురుగా కాక పక్కకు నిలబడి స్విచ్ వేద్దాం. బ్లేడు పూర్తి వేగం అందుకున్నాక రంపాన్ని పైనుంచి కిందికి నిదానంగా లాగుదాం. మోటారు మూలిగితే మనం తొందరపడుతున్నట్టే.

6. స్విచ్ ఆపి, బ్లేడు పూర్తిగా ఆగేదాకా కదలొద్దు. తర్వాత రంపాన్ని పైకెత్తి లాక్ చేసి, అప్పుడు ముక్కలు తీద్దాం.

అడ్డకోత

ఇది నిలువు కోత బాగా అలవాటయ్యాకే. రంపాన్ని అడ్డంగా తిప్పి కావలసిన ఎత్తులో లాక్ చేస్తే, ఈసారి కదిలేది షీటు. మెషీన్‌మీద బాణం గుర్తు చూసి, బ్లేడు తిరిగే దిశకు ఎదురుగానే నెట్టాలి. తిరగేసి పెడితే బ్లేడు షీటును చేతుల్లోంచి లాక్కుపోతుంది. కొంత కోశాక మెషీన్ ఆపి, కోసిన సందులో చీలికలు దోపుదాం. లేకుంటే పైముక్క కిందికి కుంగి బ్లేడును నొక్కేస్తుంది. అవతలి మనిషి షీటును ఆనించి పట్టుకోవాలి, లాగకూడదు.

జరిగే తప్పులు

తిరుగుతున్న బ్లేడు పక్కనుంచి పొట్టు చేత్తో తుడవడం, గార్డు అడ్డమని వైరుతో కట్టేయడం, సన్నని ముక్కను వేళ్లతో పట్టుకోవడం. ఒకే షాపులో తెలుగు, కన్నడ, తమిళం, ఉర్దూ వినిపించే ఊరు మనది, పైగా చెవులకు మఫ్ ఉంటుంది. ఆపమనడానికి చేతి సైగ ఒకటి ముందే అనుకుందాం.

కోత మధ్యలో కరెంటు పోతే మొదట స్విచ్ ఆపాలి, ప్లగ్గు పీకాలి. చాలామంది షీటు సర్దుతూ ఉండిపోతారు. కరెంటు వచ్చిన క్షణాన బ్లేడు దానంతటది తిరగొచ్చు.