ఏటికి కూడా దారి కావాలి

ఆ రోజు శనివారం. విజయవాడలో ఒక పేట. సీతమ్మ ఇంటి అరుగు మీద పొదుపు సంఘం సమావేశం జరుగుతోంది. పది మంది ఆడవాళ్ళూ వచ్చారు. పుస్తకంలో లెక్కలు రాశారు. అప్పుడు కొండమ్మ నోరు విప్పింది.

"సీతమ్మక్కా, నాకు 50 వేలు అప్పు కావాలి."

"ఎందుకే అంత డబ్బు?" అడిగింది సీతమ్మ.

"స్థలం కొంటానికి. 60 గజాలు. ఊరి చివర. చాలా చవక. సోమవారం లోపు అడ్వాన్సు కట్టకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామని ఏజెంటు చెప్పాడు."

కొండమ్మ బండి మీద కూరగాయలు అమ్ముతుంది. పదిహేనేళ్ళుగా అద్దె ఇంట్లో ఉంటోంది. సొంత ఇల్లు కట్టుకోవాలని ఆమె ఆశ. అందరూ సంతోషించారు.

"స్థలం ఎక్కడ?" అని అడిగింది రమీజా.

"బుడమేరుకి దగ్గర్లో."

రమీజా ముఖం మారిపోయింది. 2024 సెప్టెంబరులో వాళ్ళ ఇల్లు మునిగింది. మంచం మీద మంచం వేసుకుని పిల్లలతో కూర్చుంది. సామానంతా బురద పాలయింది. పిల్లల పుస్తకాలు కూడా మిగల్లేదు.

"వద్దు కొండమ్మా. చవగ్గా వచ్చిందని మేమూ అట్లాగే కొన్నాం" అంది రమీజా.

సీతమ్మ కూతురు సునీత గుమ్మంలో నిలబడి వింటోంది. పట్టణాలకు ప్లాన్లు వేసే చదువు చదువుతోంది ఆ పిల్ల. అలాంటి కాలేజీ విజయవాడలో 2008 నుంచీ ఉంది.

"పిన్నీ, ఆ స్థలం మాస్టర్ ప్లాన్‌లో ఎక్కడుందో చూశారా?" అంది సునీత.

"అదేంటమ్మాయ్? ఇంటికి ప్లాన్ ఉంటుందని తెలుసు. ఊరికి కూడా ఉంటుందా?" అంది కొండమ్మ.

"ఉంటుంది పిన్నీ. కూర్చోండి, చెబుతాను."

ఊరు ఎట్లా పెరిగింది?

విజయవాడ కృష్ణా నది ఒడ్డున ఉంది. 1855 నాటికి నదికి అడ్డంగా ఆనకట్ట కట్టారు. కాల్వలు తవ్వారు. తర్వాత రైలు వచ్చింది. కాల్వా, రైలూ కలిసిన చోట వ్యాపారం పెరిగింది. పని కోసం జనం వచ్చారు. 1888లో విజయవాడ మునిసిపాలిటీ అయింది. 1981లో కార్పొరేషన్ అయింది.

జనాభా ఎట్లా పెరిగిందో చూడండి.

1951లో సుమారు 1 లక్షా 60 వేలు.
1991లో సుమారు 7 లక్షలు.
2011లో 10 లక్షలు దాటింది.

అరవై ఏళ్ళలో జనం ఆరు రెట్లు దాటారు. భూమి మాత్రం పెరగలేదు. ఒక పక్క నది. ఇంకో పక్క కొండలు. మధ్యలో కాల్వలు, రైలు పట్టాలు. మంచి జాగా ఖరీదైపోయింది. డబ్బున్నవాళ్ళు అది కొనుక్కున్నారు.

మరి కూలి చేసుకునేవాళ్ళు ఎక్కడికి పోయారు? కొండ వాలు మీదికి పోయారు. కాల్వ గట్టు మీదికి పోయారు. ఏటి ఒడ్డుకి పోయారు.

కొండ మీద ఇల్లయితే బిందె మోస్తూ మెట్లెక్కాలి. వాన కురిస్తే బండరాయి దొర్లుతుందేమోనని భయం. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండ చరియలు విరిగి ఇళ్ళ మీద పడ్డాయి. మనుషులు చనిపోయారు.

"మా అన్న వాళ్ళు కొండ మీదే ఉంటారు. వాన పడితే రాత్రంతా నిద్ర పోరు" అంది మరియమ్మ.

బుడమేరు కథ

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుడుతుంది. విజయవాడ పక్కగా వచ్చి కొల్లేరులో కలుస్తుంది. ఎండాకాలంలో చూస్తే అది ఏరులా కనపడదు. చిన్న మురుగు కాల్వలా ఉంటుంది. వానాకాలంలో కొండల మీద పెద్ద వాన కురిస్తే ఒక్కసారిగా పొంగుతుంది. అందుకే పెద్దలు దాన్ని విజయవాడ దుఃఖదాయిని అన్నారు.

ఆ వరద ఊరి మీదికి రాకుండా వెలగలేరు దగ్గర గేట్లు కట్టారు. అక్కడి నుంచి ఒక మళ్ళింపు కాల్వ ఉంది. అది వరద నీటిని కృష్ణా నదిలోకి తీసుకుపోతుంది. కానీ కృష్ణ కూడా అదే సమయంలో నిండుగా ఉంటే ఆ నీరు తేలిగ్గా నదిలోకి పోదు.

2005లో బుడమేరు పొంగింది. ఇళ్ళు మునిగాయి. నీరు తీసింది. జనం మర్చిపోయారు. ఏటి పక్కన మళ్ళీ ఇళ్ళు లేచాయి.

2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకి ఎన్నడూ లేనంత వరద వచ్చింది. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయింది. అదే సమయంలో బుడమేరు మళ్ళింపు కాల్వకు గండ్లు పడ్డాయి. సింగ్ నగర్, రాజరాజేశ్వరి పేట ఇంకా ఎన్నో కాలనీలు మునిగాయి. రోజుల తరబడి జనం మిద్దెల మీద ఉన్నారు. పడవల మీద అన్నం పొట్లాలు తెచ్చి ఇచ్చారు.

"ఏరు మన ఇంట్లోకి వచ్చిందని మనం అంటాం. కానీ ఏటి దారిలోకే మన ఇళ్ళు వెళ్ళాయి పిన్నీ. నీరు పల్లమెరుగు అంటారు గదా. దాని దారి అది మర్చిపోదు" అంది సునీత.

మాస్టర్ ప్లాన్ అంటే ఏమిటి?

ఇల్లు కట్టేటప్పుడు ఏం చేస్తాం? వంటిల్లు ఎక్కడ, తలుపు ఎటు, మురుగు నీరు ఎటు పోవాలి అని ముందే అనుకుంటాం. గోడలు లేచాక తూము పెట్టాలంటే గోడ పగలగొట్టాలి. ఊరూ అంతే.

ఊరు ఇప్పుడు ఎట్లా ఉంది? సుమారు 20 ఏళ్ళకు ఎంత మంది అవుతారు? వాళ్ళకు ఏమేం కావాలి? ఇదంతా లెక్క వేసి గీసే పటమే మాస్టర్ ప్లాన్. ఇళ్ళు ఎక్కడ ఉండాలి, బజారు ఎక్కడ, ఫ్యాక్టరీ ఎక్కడ, రోడ్డు ఎంత వెడల్పు ఉండాలి అన్నది అందులో ఉంటుంది. చెరువు, కాల్వ, ఏరు ఎక్కడున్నాయో చూపిస్తారు. వాటి పక్కన కొంత జాగా వదలాలి. అక్కడ ఇళ్ళు కట్టకూడదు.

పటంలో రంగులుంటాయి. మామూలుగా ఇళ్ళ జాగాకు పసుపు వేస్తారు. పార్కులకు ఆకుపచ్చ వేస్తారు. ఏ రంగు దేనికో పటం మూల రాసి ఉంటుంది. చదవటం వచ్చినవాళ్ళు ఎవరైనా చూసుకోవచ్చు.

ఒక చిన్న లెక్క

"ఇరవై ఏళ్ళ ముందు నుంచే ఎందుకమ్మా? అప్పటికి ఎవరుంటారో, ఎవరు పోతారో!" అంది సీతమ్మ.

సునీత పలక మీద లెక్క వేసింది.

ఊరి చివర కొత్తగా 1000 ఇళ్ళు వచ్చాయనుకుందాం.
ఇంటికి 4గురు. మొత్తం 4000 మంది.
పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు కావాలని ప్రభుత్వ లెక్క.
4000 మందికి రోజుకు 5 లక్షల 40 వేల లీటర్లు కావాలి.
వాడిన నీటిలో నూటికి 80 వంతులు మురుగు అవుతుంది.
అంటే రోజుకు 4 లక్షల 32 వేల లీటర్ల మురుగు.

"ఇంత నీరు ఎక్కడి నుంచి తేవాలి? ఇంత మురుగు ఎటు పోవాలి? ట్యాంకు కట్టటానికి జాగా కావాలి. గొట్టాలు వేయటానికి రోడ్డు కావాలి. మురుగు శుద్ధి చేయటానికి పల్లంలో స్థలం కావాలి. ఇవన్నీ ఒక్క రోజులో అవుతాయా?" అంది సునీత.

ఎవరూ మాట్లాడలేదు.

"అంగన్‌వాడీ కావాలి. బడి కావాలి. ఆసుపత్రి కావాలి. శ్మశానం కూడా కావాలి. ఇళ్ళన్నీ కట్టాక వీటికి జాగా అడిగితే ఎవరిస్తారు? అందుకే ఖాళీగా ఉన్నప్పుడే గీత గీసి ఉంచాలి. లేఅవుట్ వేసేవాళ్ళు నూటికి 10 వంతులు ఖాళీ జాగా వదలాలనే నియమం కూడా ఇందుకే. ఎకరం భూమి అయితే 10 సెంట్లు."

"మా వీధిలో ఆ పది సెంట్లు కూడా అమ్మేసుకున్నారు" అంది మరియమ్మ.

ఆమె అన్నది నిజమే. పటం ఒక్కటే ఊరిని కాపాడదు. చాలా చోట్ల ప్లాన్ కాగితం మీదే ఉండిపోతుంది. ముందు ఇళ్ళు వస్తాయి, తర్వాత రోడ్డు వస్తుంది, ఆఖరికి కాల్వ వస్తుంది. జనం చూస్తూ ఉంటేనే, అడుగుతూ ఉంటేనే పటం పని చేస్తుంది.

పటం ఎవరు గీస్తారు?

ప్రభుత్వ సంస్థలే గీస్తాయి. విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి ప్రాంతానికి కలిపి 1978లో పట్టణాభివృద్ధి సంస్థ పెట్టారు. 2014 చివర దాని స్థానంలో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ వచ్చింది.

1992లో రాజ్యాంగానికి 74వ సవరణ చేశారు. ఊరి ప్లాను, మంచినీరు, పారిశుద్ధ్యం, రోడ్లు లాంటి 18 పనులను మునిసిపాలిటీలకు అప్పగించవచ్చని అందులో ఉంది. కౌన్సిల్‌లో మూడో వంతుకు తక్కువ కాకుండా ఆడవాళ్ళు ఉండాలని కూడా ఉంది.

మొదట ముసాయిదా పటం తయారు చేస్తారు. ముసాయిదా అంటే చిత్తు ప్రతి. దాన్ని జనానికి చూపించాలి. పేపర్లో ప్రకటన వేస్తారు. అభ్యంతరాలు, సలహాలు చెప్పటానికి గడువు ఇస్తారు. ఎన్ని రోజులో ప్రకటనలోనే ఉంటుంది. ఆ గడువులో ఎవరైనా కాగితం రాసి ఇవ్వవచ్చు. తర్వాత ప్రభుత్వం ఆమోదిస్తే అది ఖాయం అవుతుంది.

"పేపర్లో వేసిన సంగతి మాకెవరు చెబుతారు?" అంది కొండమ్మ.

"ఇప్పుడు మీకు చదవటం వచ్చుగా పిన్నీ. అడగటం కూడా మీ హక్కే" అంది సునీత.

ఆడవాళ్ళు చెప్పకపోతే పటంలోకి రానివి

ఆ మాటతో అందరికీ నోళ్ళు వచ్చాయి.

"బజారులో మాకు మరుగుదొడ్డి లేదు. పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా తాగం" అంది కొండమ్మ.

"బస్సు దిగి ఇంటికి నడిచే దారిలో దీపాలు లేవు. ఆడపిల్లల్ని ట్యూషన్‌కి పంపాలంటే భయం" అంది రమీజా.

"పనికి పోయేవాళ్ళం పిల్లల్ని ఎక్కడ వదలాలి?" అంది మరియమ్మ.

సునీత అన్నీ రాసుకుంది. "వీధి వ్యాపారుల కోసం 2014లో చట్టం వచ్చింది. బళ్ళు పెట్టుకునే చోటు పటంలోనే చూపాలి. దానికి పట్టణంలో కమిటీ ఉండాలి. కమిటీలో వ్యాపారుల తరఫున వచ్చేవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి" అని చెప్పింది.

"అయితే నేనూ ఉండొచ్చా?" అని కొండమ్మ నవ్వింది.

కొండమ్మ ఏం చేసింది?

సోమవారం కొండమ్మ బండి తియ్యలేదు. ఏజెంటు ఇచ్చిన కాగితం పట్టుకుని సునీతతో ఆఫీసుకి వెళ్ళింది. కాగితం మీద సర్వే నంబరు తనే చదివింది. పటం చూపించమని అడిగింది. మొదట రేపు రమ్మన్నారు. ఆమె కదల్లేదు. మధ్యాహ్నానికి పటం చూపించారు.

ఆ లేఅవుట్‌కి అనుమతి లేదు. ఆ స్థలం వరద నీరు పోయే పల్లంలో ఉంది.

కొండమ్మ అడ్వాన్సు కట్టలేదు. 50 వేలు మిగిలాయి. కానీ ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. వచ్చే శనివారం సంఘంలో ఆమె అడిగింది.

"ఏటి పక్కన కొనవద్దన్నారు. కొనలేదు. కొండ మీద వద్దన్నారు. ఎక్కను. కాల్వ గట్టూ వద్దు. మరి నాలాంటి వాళ్ళు ఎక్కడుండాలి? ఆ పటంలో మాకు చోటు ఏదీ?"

సునీత దగ్గర దానికి జవాబు లేదు. చాలాసేపటికి సీతమ్మ అంది. "ఆ మాటే రాద్దాం."

అందరూ కలిసి అర్జీ రాశారు. అందులో మూడు కోరికలు ఉన్నాయి.

1. ఏటి దారిని హద్దు రాళ్ళు వేసి చూపాలి. అక్కడ స్థలాలు అమ్మకుండా ఆపాలి.
2. పేదల ఇళ్ళకు మెరక మీద, పనికి పోయి రాగల దూరంలో చోటు ఉంచాలి.
3. బజారులో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి కట్టాలి.

పది మందీ సంతకాలు చేశారు. కొండమ్మ రెండేళ్ళ క్రితం వేలిముద్ర వేసేది. ఇప్పుడు పేరు పూర్తిగా రాసింది. అర్జీ ఇచ్చి రసీదు అడిగి తీసుకుంది. ఆ రసీదు సంఘం పుస్తకంలో భద్రంగా ఉంది. జవాబు రాకపోతే ఏం చేయాలో కూడా వాళ్ళు అనుకున్నారు. 2005 సమాచార హక్కు చట్టం కింద అడిగితే మామూలుగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

కొత్త మాటలు

ముసాయిదా – ఇంకా ఖాయం కాని చిత్తు ప్రతి
అభ్యంతరం – ఇది సరి కాదు అని చెప్పటం
లేఅవుట్ – భూమిని స్థలాలుగా, రోడ్లుగా విడగొట్టిన పటం
పారిశుద్ధ్యం – ఊరిని శుభ్రంగా ఉంచే పని
క్యూసెక్కు – సెకనుకు ఒక ఘనపుటడుగు నీటి ప్రవాహం

స్థలం కొనే ముందు

సర్వే నంబరు రాయించుకోండి.
లేఅవుట్‌కి అనుమతి ఉందా అని ఆఫీసులో అడగండి.
మాస్టర్ ప్లాన్‌లో ఆ చోటు దేనికి ఉంచారో చూడండి.
వానాకాలంలో ఒకసారి వెళ్ళి చూడండి. చుట్టుపక్కల ముసలివాళ్ళను అడగండి. నీరు ఎంతవరకు వచ్చేదో వాళ్ళు చెబుతారు.

మాట్లాడుకోండి

1. మీ ఊళ్ళో వాన నీరు ఎటు పోతుంది? ఆ దారిలో ఏం కట్టారు?
2. 500 ఇళ్ళు, ఇంటికి 4గురు ఉంటే రోజుకు ఎన్ని లీటర్ల నీరు కావాలి? లెక్క వేయండి.
3. కొండమ్మ అడిగిన ప్రశ్నకు మీరేం జవాబు చెబుతారు?
4. మీ వీధికి కావలసినవి మూడు రాయండి. కింద మీ పేరు రాయండి.