మనవాడైతే చాలా?

ఒక దేశం ఎందుకు వెనుకబడుతుంది? ఈ ప్రశ్న వేస్తే మనలో చాలామంది ప్రభుత్వాన్నో, నాయకులనో, వానలు లేకపోవడాన్నో చూపిస్తారు. అందులో నిజం లేకపోలేదు. కాని దివ్యఖుర్ఆన్ మన దృష్టిని మరోవైపుకు మళ్ళిస్తోంది. ఒక జాతి పరిస్థితి మారాలంటే ముందు ఆ జాతి మనుషుల లోపల మార్పు రావాలన్నది ‘అర్ రఅద్’ సూరా 11వ ఆయతు సారాంశం. కనుక ఈ నెల పాఠంలో మన లోపలికి మనం తొంగి చూసుకుందాం. ఎక్కడో ఉన్న దేశాల సంగతి ఎందుకు? మన పల్నాడునే తీసుకుందాం.

కోడిపందెం నుంచి కారెంపూడి దాకా

పల్నాడుకు ఏం తక్కువ? 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. కుడికాలువ కింద వరి, మిరప, పత్తి పండుతున్నాయి. భూమిలో సున్నపురాయి ఉంది. ధైర్యానికీ కొదవలేదు. తెల్లదొరల పుల్లరి కట్టబోమని నిలబడి 1922లో ప్రాణమిచ్చిన కన్నెగంటి హనుమంతు ఈ గడ్డవాడే. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా సొంత జిల్లా కూడా వచ్చింది. అయినా పల్నాడు అనగానే బయటివారికి ముందుగా గుర్తుకొచ్చేది ముఠా తగాదాలే!

12వ శతాబ్దంలో గురజాల నలగామరాజు, మాచర్ల మలిదేవుడు ఒకే తండ్రి బిడ్డలు. కోడిపందెంలో ఓడినవారు ఏడేళ్ళు వలస పోవాలని పందెం కాశారని, గడువు తీరి వచ్చాక వారి రాజ్యభాగం వారికి దక్కలేదని, రాయబారిగా వెళ్ళిన అలరాజును విషంపెట్టి చంపారని కథనం. చివరికి కారెంపూడి రణరంగంలో ఇరువైపులా వీరులు నేలకొరిగారు. గెలిచినవారికి మిగిలింది కూడా దుఃఖమే.

ఇస్లాంకు పూర్వం అరేబియాలోనూ ఇదే తంతు. ఒక ఒంటె కారణంగా రగిలిన బసూస్ యుద్ధం నలభై ఏళ్ళు సాగిందని చరిత్రకారులు చెబుతారు. గుర్రప్పందెం దగ్గర మొదలైన మరో యుద్ధానికి ‘దాహిస్’ అనే గుర్రం పేరే మిగిలింది. కోడి అయినా, ఒంటె అయినా, గుర్రమైనా అవి సాకులే. అసలు జబ్బు పంతం.

అసబియ్యత్ అంటే ఏమిటి?

ఈ జబ్బుకు ఇస్లాం పెట్టిన పేరు అసబియ్యత్. తన వారిని ప్రేమించడం అసబియ్యత్ కాదు. తన వారు అన్యాయం చేస్తున్నప్పుడు కూడా వారికి సాయపడటమే అసబియ్యత్ అని మహాప్రవక్త (స) వివరించారు (అబూదావూద్). అన్యాయం చేసే సోదరుడికి కూడా సహాయం చేయమని ఆయన చెప్పినప్పుడు సహచరులు ఆశ్చర్యపోయారు. అతని చేయి పట్టుకొని ఆపడమే ఆ సహాయమని ఆయన తేటతెల్లం చేశారు (బుఖారీ). మనం మొదటి సగాన్ని పట్టుకొని రెండో సగాన్ని వదిలేశాం!

న్యాయం కోసం సాక్ష్యం పలకవలసి వస్తే అది మనకు, తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా సరే వెనుకాడరాదని ‘అన్ నిసా’ సూరా 135వ ఆయతు ఆదేశిస్తోంది. ఒక వర్గంపై ఉన్న కోపం మనల్ని అన్యాయానికి పురికొల్పరాదని ‘అల్ మాయిదా’ సూరా 8వ ఆయతు హెచ్చరిస్తోంది.

మనమూ అతీతులం కాము

2024 మే 13న పోలింగు జరిగింది. ఆ రోజు, ఆ తరువాత పల్నాడులో చెలరేగిన హింస వల్ల 144వ సెక్షను పెట్టవలసి వచ్చింది. ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసి, కలెక్టరును బదిలీ చేసింది. రెండు నెలలకే, జులై 17 రాత్రి, వినుకొండ నడిరోడ్డుపై ఒక యువకుడిని కత్తితో నరికి చంపారు. ఆ దృశ్యాలు ఫోన్లలో రాష్ట్రమంతా తిరిగాయి. హతుడూ, నిందితుడూ ఇద్దరివీ ముస్లిం పేర్లే. ఆ రోజు ముహర్రం సెలవు దినం. అల్లాహ్ పవిత్రం చేసిన నాలుగు మాసాల్లో ముహర్రం ఒకటి. ఆ మాసంలో కత్తి ఎత్తడానికి అజ్ఞాన కాలపు అరబ్బులు సైతం జంకేవారు!

ఏ పార్టీది తప్పు అన్న చర్చ మనకు వద్దు. న్యాయస్థానాలు ఉన్నాయి, వాటిపైన ప్రళయదినపు న్యాయస్థానం ఉంది. ఆ రోజు మనుషుల మధ్య మొట్టమొదట తీర్పు జరిగేది రక్తపాతం విషయంలోనే అని మహాప్రవక్త (స) తెలిపారు (బుఖారీ, ముస్లిం). మనం వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే. ఆ కత్తికి పదును ఎక్కడ పెడుతున్నారు?

పదును పెట్టేది ఇంట్లోనే

పిల్లవాడు బడిలో తగాదాపడి ఇంటికొస్తాడు. “తప్పెవరిది?” అని అడిగే తండ్రి అరుదు. “కొట్టి వచ్చావా, కొట్టించుకొని వచ్చావా?” అని అడిగేవారే ఎక్కువ. మొదటి పాఠం అక్కడే అయిపోయింది.

పంచాయితీలో, కోర్టులో “మనవాడే కదా భాయ్” అంటూ చూడనిది చూశామని చెబుతాం. దొంగసాక్ష్యాన్ని మహాప్రవక్త (స) ఘోర పాపాల్లో లెక్కించారు. నోటు తీసుకొని ఓటు వేస్తాం, ఆ తరువాత రోడ్డు గుంతల గురించి ప్రశ్నించే నోరు ఉండదు. హత్య దృశ్యాన్ని పదిమందికి పంపుతాం, చనిపోయినవాని తల్లి గురించి ఆలోచించం. చివరికి మస్జిదు కమిటీలోనూ రెండు వర్గాలై సలాముకు జవాబివ్వడం మానేస్తాం.

వీటి ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారు? కేసులో ఇరుక్కున్న కుర్రవాడికి పాస్‌పోర్టు కష్టం, సర్కారు ఉద్యోగం కష్టం. వాయిదాల చుట్టూ తిరగడానికి మిరప పంట సొమ్ము చాలదు. ఊరు విడిచి వెళ్ళిన కుటుంబంలో పిల్లల చదువు ఆగిపోతుంది. నాయకులు రాజీపడి పార్టీలు మారతారు. జైల్లో ఉండేది, సమాధిలో ఉండేది మాత్రం పేదవాడి బిడ్డే. ఇలాంటి ఇళ్ళు వేలల్లో ఉంటే ఊరు వెనుకబడుతుంది. అలాంటి ఊళ్ళు ఎక్కువైతే దేశమే వెనుకబడుతుంది.

మార్పు ఎవరితో మొదలు?

మదీనాలో ఔస్, ఖజ్రజ్ తెగలు తరాల తరబడి కొట్టుకున్నాయి. హిజ్రత్‌కు కొన్నేళ్ళ ముందు బుఆస్ యుద్ధంలో ఇరువైపులా పెద్దలెందరో హతులయ్యారు. ఆ రెండు తెగలనే ఇస్లాం ‘అన్సార్’ అనే ఒకే పేరుతో సోదరులను చేసింది. అంతిమ హజ్ ప్రసంగంలో మహాప్రవక్త (స) అజ్ఞాన కాలపు రక్త ప్రతీకారాలన్నీ రద్దు చేశారు. మొదట రద్దు చేసింది తన సొంత వంశానికి రావలసిన ప్రతీకారాన్నే (ముస్లిం). ఎదుటివాడు ముందు తగ్గాలని ఆయన ఎదురుచూడలేదు.

సోదరులారా! సోదరీమణులారా! ఈ వారం జుమా లోపల ఒక్క పని చేద్దాం. మాటలు ఆగిపోయిన ఒక బంధువుకు, ఒక పొరుగువానికి, అతను ముస్లిమైనా కాకపోయినా, మనమే ముందుగా పలకరింపు అందిద్దాం. రాత్రి భోజనాల దగ్గర పిల్లలను కూర్చోబెట్టుకొని ఈ ప్రశ్నలు చర్చిద్దాం:

1. మనవాడిది తప్పని తెలిసీ నేను అతని పక్షాన ఎప్పుడు మాట్లాడాను?
2. నేను పట్టుకొని ఆపవలసిన చేయి ఎవరిది?
3. మా ఇంటి పాత పగల్లో నా బిడ్డలకు అప్పగించకుండా నేనే ముగించవలసింది ఏది?

అల్లాహ్ మన హృదయాలను కలుపుగాక! మన చేతులను, నాలుకలను అన్యాయం నుంచి కాపాడుగాక! ఆమీన్.